రూతమ్మ టీచరు ఒప్పుకోని విగ్రహం

మార్కాపురం రోడ్డు స్టేషన్లో నంద్యాల పాసింజరు ఎక్కేసరికి ఉదయం ఎనిమిది దాటింది. డెబ్బయ్యో దశకం చివర్లో ఒక ఫిబ్రవరి నెల. చేతిలో ఒక గుడ్డసంచి, అందులో రెండు చీరలు, పెరుగన్నం డబ్బా, నాలుగు అరటిపళ్లు. సామాను తేలికే. నాకు అప్పగించిన పనే బరువు.

నంద్యాలలో మేము చదువుకున్న ఆడపిల్లల హాస్టలు ముందు, దాన్ని పెట్టిన రూతమ్మ టీచరు విగ్రహం నిలపాలని పాత విద్యార్థినులమంతా అనుకున్నాం. ఆళ్లగడ్డ శిల్పికి పని ఇచ్చాం. రాయి సగం చెక్కాక, ఆళ్లగడ్డలోనే ఉంటున్న టీచరుకు ఆ సంగతి తెలిసింది. "ఆ రాయికి నా మొగం పెడితే నేను నంద్యాల గడప తొక్కను" అని కబురు పంపించారు. ఆమెను ఒప్పించే పని నా నెత్తిన పడింది.

"చిన్నప్పుడు ఆమె చేత అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది నువ్వే. నీ మాట వింటాది, పో" అని రాసింది నరసమ్మక్క. ఆమె ఇప్పుడు ఆ హాస్టలు బడికే హెడ్మాస్టరమ్మ. విగ్రహం ఆలోచనా ఆమెదే, చందాల కోసం ఊరూరా తిరిగిందీ ఆమే.

నాకూ ఈ పనిమీద ఆశ ఉంది. నేను చెప్పేది సాంఘిక శాస్త్రం. గొప్ప స్త్రీల పాఠం వచ్చినప్పుడల్లా రాణుల గురించీ, జైలుకు వెళ్లిన దేశభక్తుల గురించీ చెబుతాను. ఒకసారి ఒక పిల్ల లేచి, "మన పక్క ఎవరూ లేరా టీచర్?" అని అడిగింది. ఉన్నారు అన్నాను. ఎవరో చెప్పే లోపల గంట కొట్టేశారు.

కంభం, గిద్దలూరు దాటాక దిగువమెట్టలో బండి చాలాసేపు ఆగింది. అక్కడినుంచి నల్లమల. "కిటికీ మూసుకోమ్మా, కోతులు" అని ఎదురు బల్లమీది ముసలాయన చెప్పీ చెప్పకముందే ఒక చెయ్యి లోపలికి వచ్చి నా అరటిపళ్లు పట్టుకుపోయింది. ముసలాయన తన మూట విప్పి, కాల్చి నలిపిన పచ్చిజొన్న గింజలు నా చేతిలో గుప్పెడు పోశాడు. "తినమ్మా. ఇవైతే కోతి కంటబడవు" అన్నాడు. లోయమీది ఎత్తైన వంతెన, ఆ తర్వాత సొరంగం. చీకట్లో బండి వెళ్తున్నంతసేపూ పిల్లలు కేకలు పెట్టారు. ఈ దారిన వెళ్లేవారు పగటి బండే ఎక్కాలి. గాజులపల్లె దగ్గర అడవి వదిలి బయటపడగానే కనిపించే నల్లరేగడి చేలు, కాలువ నీళ్లు రాత్రి బండిలో కనిపించవు.

మధ్యాహ్నానికి నంద్యాల చేరాను. స్టేషను బయట బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిని రిక్షాలో హాస్టలుకు వెళ్లాను. నరసమ్మక్క వాకిట్లోనే ఎదురొచ్చి, విగ్రహం కోసం కట్టించిన సిమెంటు దిమ్మ చూపించింది. సున్నం కూడా కొట్టించేసింది.

"ఒప్పుకుంటుందంటావా అక్కా?"

"ఆ యమ్మ చెయ్యి పట్టుకోకుంటే నేను ఈపొద్దు గొర్లు మేపుకుంటా ఉండేదాన్ని. ఎట్లన్నా ఒప్పించుకొని రా" అంది. ఆ రాత్రి అతిథుల గదిలో పడుకున్నాను. గది చిన్నదే గాని శుభ్రంగా ఉంది. ముందుగా చెబితే భోజనం కూడా పెడతారు.

మర్నాడు పొద్దున్నే ఆళ్లగడ్డ బస్సు ఎక్కాను. సిరివెళ్ల మీదుగా గంటన్నర ప్రయాణం. రోడ్డుకు అటూ ఇటూ కోసిన జొన్న చేలు. టికెట్టు ఇస్తూ కండక్టరు, "ఆళ్లగడ్డలో ఎవురింటికి?" అన్నాడు. రూతమ్మ టీచరింటికి అని చెప్పగానే అతని ముఖం మారిపోయింది. "మాయమ్మను బడికి తోలుకపోయింది ఆయమ్మేనంట. సైకిలు ముందర కూచోబెట్టుకొని తీసకపోయిందంట. మాయమ్మ ఇప్పటికీ చెప్తా ఉంటాది" అన్నాడు. బస్సు స్టాండుకు ముందే, ఆమె వీధి మొదట్లో బస్సు ఆపించి నన్ను దింపాడు.

ఆ సైకిలు సంగతి తెలియనివారికి ఇక్కడ చెప్పాలి. రూతమ్మగారు కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. టీచరు ట్రైనింగు అయ్యాక, ఊరు విడిచి వెళ్తున్న ఒక దొరసాని ఇచ్చిన పాత సైకిలు ఎక్కి పల్లెలు తిరిగారు. ఆడమనిషి సైకిలు తొక్కడం ఆ చుట్టుపక్కల అదే మొదలు. రాళ్లు వేసినవాళ్లూ ఉన్నారట. పొద్దు గూకే వేళ, బిచ్చగాళ్లు వచ్చే సమయానికే ఆమె ఇళ్లముందు నిలబడేవారు. గింజలు తెచ్చి పెట్టబోతే, "గింజలొద్దు తల్లీ, నీ కూతుర్ని పెట్టు" అనేవారు. అట్లా అడుక్కొచ్చిన పిల్లలతో ఒక పెంకుటింట్లో మొదలైంది మా హాస్టలు.

ఆళ్లగడ్డలో టీచరింటి తలుపు తీసినది వేదవల్లిగారు. ఆమె అహోబిలం గుడి కైంకర్యాలు చేసే ఇంటి ఆడపడుచు. పదేళ్లు నిండకముందే భర్త పోయి పుట్టింట మూలన కూర్చున్న పిల్లను, వాళ్ల నాయనమ్మే ఒకరోజు వీధి మొదటికి నడిపించుకొచ్చి సైకిలు దగ్గర అప్పగించిందట. టీచరును ఆ వీధిలోకి రానిచ్చేవారు కాదు. వీధి మొదట్లోనే నిలబడి ఆమె సైకిలు గంట కొట్టేవారు. ఆ పిల్లే తర్వాత తెలుగు పండితురాలై, పదవీ విరమణ చేసిన తన గురువును ఆళ్లగడ్డ తెచ్చి ఇంట్లో పెట్టుకుంది. చుట్టాలు కొన్నేళ్లు ఆ ఇంటి గడప తొక్కలేదు. ఇప్పుడు వచ్చి కాఫీ తాగి వెళ్తున్నారు.

"ఏమ్మే విమలా, రాయబారానికి వచ్చినావా?" లోపలినుంచి వచ్చిన గొంతులో ఏ మార్పూ లేదు. డెబ్బై దాటిన మనిషి నులక మంచం మీద నిటారుగా కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. నేను కాళ్లకు దండం పెట్టబోతే చేట నా వైపు తోశారు. "వంగినావు గదా, ఈ కాయలు సగం నువ్వు తియ్యి."

"ఎండన పడి వచ్చింది, మంచినీళ్లు తాగనీయండి టీచర్" అన్నారు వేదవల్లిగారు.

ఆ ఇంట్లో రెండు పొయ్యిలు. వేదవల్లిగారు ఉల్లిపాయ కూడా ముట్టరు. టీచరుకు ఎండుచేపలు లేనిదే వారం గడవదు. అవి పెరట్లో వేరే పొయ్యి మీద ఉడుకుతుంటే, వేదవల్లిగారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వెళ్లి, "ఉప్పు చూసుకున్నారా టీచర్?" అని అడుగుతారట. నేను వెళ్లిన రోజు చేపలు లేవు. సంగటి, చిక్కుడుకాయ కూర, శనక్కాయల ఊరిబిండి పచ్చడి, చివర్లో దద్దోజనం. నేను తింటున్నంతసేపూ, ఎవరి వంట బాగుందో చెప్పమని ఇద్దరూ పట్టుబట్టారు. నేను మాట మార్చాను.

చెయ్యి కడుక్కున్నాక అసలు సంగతి ఎత్తాను. పిల్లలకు మీ బతుకు తెలియాలన్నాను. రాణుల విగ్రహాలు ఊరూరా ఉన్నాయి, మీకు ఒక్కటుంటే తప్పేమిటన్నాను. బస్సు కండక్టరు మాట కూడా చెప్పాను. టీచరు అంతా విన్నారు.

"ఓబులేసు తెలుసునా నీకు?" అన్నారు.

"తెలీదు."

"బండి ఆత్మకూరు కాడ గొర్లు కాసేటోడు. ఎన్ని మార్లు తిరిగినానో ఆయప్ప ఇంటికి. 'పిల్ల గొర్ల యెంట పోవాల, నీ యెంట పంపిస్తే మాకేమొస్తాది' అనేటోడు. కడాకు పెద్దకూతుర్ని ఇచ్చినాడు. ఓబుళమ్మ. తొమ్మిదేండ్ల పిల్ల. ఇట్ల చెప్తే అట్ల నేర్చుకునేది. ఉగాదికి ఇంటికి పోయొచ్చింది. ఆ యేడే కలరా వచ్చె. పొద్దున బాగుండె, సాయంత్రానికి లేదు. నా ఒళ్లోనే పోయింది."

వేదవల్లిగారు తల వంచుకున్నారు. అప్పుడు ఆమె అదే హాస్టల్లో ఉన్న పిల్ల.

"నాయనకు కబురు పంపిస్తి. వచ్చినాడు. కొడతాడనుకున్నా. కొట్టింటే బాగుండు. ఒక్క మాట అనకుండా పిల్లను భుజానేసుకొని పోయినాడు. ఇంక ఈ పని నాకొద్దనుకున్నా. పిల్లల్ని వాళ్ల వాళ్ల ఇండ్లకు పంపించేస్తిని. ఈ వేదవల్లి ఒక్కతే పోనని కూచుండె. ఒకనాడు తలుపు తీస్తే వాకిట్లో ఓబులేసు. సంకలో చిన్న కూతురు. 'దీన్ని పెట్టుకో టీచరమ్మా' అన్యాడు. 'ఎందుకప్పా?' అని అడిగినా."

టీచరు వేదవల్లిగారి వైపు చూసి మళ్లీ అందుకున్నారు.

"'పండగకు వచ్చినప్పుడు పెద్దది గొర్లదొడ్డి కాడ నేల మింద పుల్లతో నా పేరు రాసి సూపిచ్చింది. నా పేరు అట్లుంటాదని నాకు అంతదాకా తెలీదు. అది నేర్చింది యాడికీ పోగూడదు' అన్యాడు. చెప్పు విమలా, ఆ పొద్దు ఆయప్ప రాకపోయింటే హాస్టలు యాడిది? నువ్వు యాడ? పిల్లల్ని అడుక్కునేది నేను. ఇచ్చినోళ్లు వాళ్లు. పోయింది ఆ పిల్ల. విగ్రహం నాకా?"

"ఆ చిన్న కూతురు..." అన్నాను.

"నరసమ్మ" అన్నారు వేదవల్లిగారు.

ఒకే హాస్టల్లో అన్నేళ్లు ఉండి కూడా నరసమ్మక్క నోట అక్క పేరు నేనెప్పుడూ వినలేదు. టీచరు లేచి చెప్పులు వేసుకున్నారు. "పదండి, ఆచారి కాడికి."

శిల్పి వీరాచారి పందిరి ఊరి చివర. దూరం నుంచే ఉలి దెబ్బలు వినిపించాయి. సగం అయిన నందులు, ముక్కు లేని ఆంజనేయుడు, వాటి మధ్య మా రాయి. చీర కుచ్చెళ్లు వచ్చాయి, చెయ్యి వచ్చింది. ముఖం ఇంకా ఉలి తగలని బండే. టీచరు దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఎంత లావుగా చేసినావప్పా నన్ను!" అన్నారు. ఆచారి నవ్వేశాడు.

"దీన్లో తొమ్మిదేండ్ల ఆడపిల్ల వస్తాదా?"

ఆచారి రాయిని తట్టి చూశాడు. "పెద్దదాన్ని చిన్నదాన్ని చెయ్యొచ్చమ్మా. వస్తాది. ఫోటో ఉందా?"

"లేదు."

"మరి మొగం ఎట్ల చెక్కేది?"

టీచరు కళ్లు మూసుకున్నారు. నుదురు వెడల్పు అన్నారు, పన్ను ఒకటి ఊడి ఉండె అన్నారు. "నాకు సరిగ్గా గుర్తు రాలేదే, వేదా" అన్నారు. వేదవల్లిగారు ఆమె చెయ్యి పట్టుకుని నీడలో కూర్చోబెట్టారు. "మాఘం ఎండ టీచర్, కాసేపు ఊరుకోండి. నరసమ్మ ఉంది గదా" అన్నారు. అంత వయసులో ఇద్దరూ రాతిపొడి మీద చేయి చేయి పట్టుకుని కూర్చోవడం చూసి, నేను ఆంజనేయుడి వైపు తిరిగిపోయాను.

సాయంత్రం బస్సుకు నంద్యాల బయల్దేరాను. దారి పొడవునా ఒకటే దిగులు. ఒప్పించుకు రమ్మంటే నేనే ఒప్పుకుని వస్తున్నాను. నరసమ్మక్కకు ఎట్లా చెప్పాలి?

ఆమె దీపాలు పెట్టే వేళకు వాకిట్లోనే ఉంది. దాచకుండా అంతా చెప్పాను. మొదట కోపం వచ్చింది. "మేము పంపించింది దేనికి, నువ్వు చేసుకొని వచ్చింది ఏంది? ఆ యమ్మ విగ్రహమని చెప్పి ఇంతమందిని అడిగినానే, వాళ్లకేం చెప్పాల?" అంది. లోపల పిల్లలు ఎక్కాలు వల్లె వేస్తున్నారు. అక్క వెళ్లి దిమ్మ మీద కూర్చుంది.

"మా నాయన ఆ పొద్దు దోవ పొడుగూతా నన్ను దించలేదు విమలా. నేను నడుస్తానన్నా గాని దించలేదు."

"నీకు అక్క గుర్తుందా?"

"బాగా. తల దువ్వేటప్పుడు గట్టిగా పీకేది. నేను ఏడిస్తే నవ్వేది. నవ్వితే ఎడం పక్క సొట్ట పడేది." తన చెంప మీద వేలు పెట్టి చూపించింది. తర్వాత కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. "ఆచారి పొద్దున్నే ఉంటాడా?"

"ఉంటాడు."

"ఫస్టు బస్సుకు పోతా. సొట్ట సంగతి ఆయప్పకు నేనే చెప్పాల."

మర్నాడు నేను లేచేసరికే ఆమె వెళ్లిపోయింది. నేను తిరుగు బండి ఎక్కాను. ఈసారి కిటికీ ముందే మూసుకున్నాను. ఆళ్లగడ్డకు వచ్చేవాళ్లు శిల్పాలు చూస్తారు, అహోబిలం కొండ ఎక్కుతారు. అవి చూడవలసినవే. నాకు మాత్రం ఈ ప్రయాణంలో మనసున నిలిచింది రెండు పొయ్యిల ఆ ఇల్లు. ఒకరి వంటకు ఒకరు వంక పెడుతూ, ఒకరి చెయ్యి ఒకరు వదలకుండా అందులో బతుకుతున్న ఇద్దరు ముసలమ్మలు. గొప్ప స్త్రీల పాఠం ఇకమీద వాళ్లింటి నుంచే మొదలుపెట్టాలనుకున్నాను.

గిద్దలూరులో ఒక ఆడమనిషి కూతురితో ఎక్కి నా పక్కన కూర్చుంది. ఎక్కడినుంచి వస్తున్నావని అడిగితే చెప్పాను, నంద్యాలలో ఒక పిల్ల విగ్రహం పెడుతున్నాం, ఆ పనిమీద వెళ్లానని.

"పిల్లకు విగ్రహమా? అంత పనేం చేసిందమ్మా ఆ పిల్ల?"

"బడికి పోయింది" అన్నాను.