తోడల్లుడి యూరపు ప్రయాణం

చెంగల్రాయుడు తిరుపతిలో ఒక హైస్కూలు భూగోళం మేష్టరు. తోడల్లుడు తులసీరాం యూరపు వెళుతున్నాడని తెలిసిన రోజు ఆయనకు అన్నం సయించలేదు. అజీర్తి అని చెప్పుకున్నాడు. భార్య పెంచలమ్మ నమ్మలేదు. తన చెల్లెలికి తులసీరాం రాళ్ళ కమ్మలు చేయించినప్పుడు కూడా మొగుడికి సరిగ్గా ఇలాంటి అజీర్తే చేసిందని ఆమెకు బాగా గుర్తు.

అసూయను మన పెద్దలు పాపాల వరసలో కూర్చోబెట్టి, చెడ్డది సుమా అని హెచ్చరించి ఊరుకున్నారు. అది దేన్ని చూసి పుడుతుందో అడిగినవాళ్ళు తక్కువ. కమ్మల అజీర్తి రెండు రోజుల్లో తగ్గింది. తులసీరాం నగరిలో మిద్దె కట్టినప్పటిది వారానికి తగ్గింది. ఇది మాత్రం తగ్గేది కాదు. కమ్మలూ మిద్దే తులసీరాంవి. యూరపు చెంగల్రాయుడిది.

రైల్లో ఆయన ఉత్తరాన గుంతకల్లు దాటలేదు, దక్షిణాన మద్రాసు దాటలేదు. కానీ ఊరు విడిచి వెళుతూ ఒక మిషనరీ దొర ఇచ్చిపోయిన లావుపాటి పుస్తకం ఒకటి ఆయన దగ్గర ఉండేది. యుద్ధానికి ముందు యూరపు రైళ్ళన్నీ ఏ ఊళ్ళో ఎప్పుడు బయలుదేరేవో అందులో ఉంది. ఇతరులు పేపరు చదివేవేళ ఆయన దాన్ని చదివేవాడు. క్లాసులో స్విట్జర్లాండు పాఠం వస్తే పుస్తకం మూసేసి, గోతార్డు రైలు ఆల్ప్స్ కొండ కడుపులో గుండ్రంగా తిరుగుతూ పైకెక్కే తీరు బోర్డు మీద గీసేవాడు. వాసెన్ అనే పల్లె దగ్గర ఒకే చర్చి ప్రయాణికుడికి మూడుసార్లు కనపడుతుంది: మొదట నెత్తిమీద, తర్వాత కళ్ళెదుట, చివరికి కాళ్ళ కింద. ఆ మూడోసారి చూపించడానికి మేష్టరు బల్ల ఎక్కి వంగి చూసేవాడు. పిల్లలు ఏటా చప్పట్లు కొట్టేవారు.

తులసీరాం మగ్గాల మీద రుమాళ్ళు నేయించి మద్రాసుకు పంపే వ్యాపారి. అవి లండను చేరి, అక్కడినుంచి ఆఫ్రికా పోయేవి. లండను వర్తకులు ఒకసారి వచ్చి మాట్లాడుకు పొమ్మన్నారు. 1949 ఎండలు ముదరకముందే ఒక ఆదివారం, పనసకాయ ఒకటి సంచిలో వేసుకుని ఆయన తోడల్లుడి ఇంటికి వచ్చాడు.

"అన్నా, యూరపు సంగతి నీకు తెలిసినంత మద్రాసులో దొరలకి గూడా తెలీదంట గదా. నాకు దావ రాసియ్యి. ఇటలీలో, జెనోవా రేవులో ఓడ దిగతాను. రెండు వారాలకి మళ్ళా ఆడ్నే ఓడెక్కాల. నడుమ లండన్లో నాలుగు దినాలు యాపారం. ఫ్రాన్సులో లియాన్ కాడ జరీ సూడాల. మిగతాదంతా నీ ఇష్టం."

"నా ఇష్టమా?"

"నాకేం తెలుసన్నా ఆ దేశాలు."

మిగతాదంతా నీ ఇష్టం అన్న మాటతో చెంగల్రాయుడి సాయంత్రాలూ ఆదివారాలూ గడిచిపోయాయి. పాత పుస్తకం పనికిరాదని బొంబాయికి రాసి కొత్త రైళ్ళ వేళలు తెప్పించాడు. ఇటలీ, స్విట్జర్లాండు, ఫ్రాన్సు, ఇంగ్లండు: నాలుగు దేశాలు, రెండే వారాలు. తిరుగు ఓడ నుంచి వెనక్కి లెక్కగట్టుకుంటూ వచ్చాడు. లియాన్ ఆదివారం నాడు చేరితే కొట్లు మూసి ఉంటాయి. దానికోసం లండను ఒకరోజు ముందుకు జరగాలి. లండను జరిగితే ఫ్రాన్సు నుంచి ఇంగ్లండుకు సముద్రపు కాలువ దాటే పడవ మారుతుంది. మిలాన్లో రాత్రి బండి ఎక్కితే ఆల్ప్స్ చీకట్లో పోతాయి. కనక మిలాన్లో నిద్రచేసి పొద్దున బండే ఎక్కాలి. రబ్బరుతో చెరిపి చెరిపి కాగితం చిల్లులు పడింది. మనిషి మాత్రం ఎప్పుడూ లేనంత హుషారుగా ఉన్నాడు.

"ఆల్ప్స్ దాటి బాసెల్లో దిగేటప్పటికి బాగా ఆకలేస్తాది," అన్నాడు ఒకరోజు భోజనం దగ్గర.

"ఎవరికి?" అన్నది పెంచలమ్మ.

ఆయన మజ్జిగ పోయించుకున్నాడు.

దారి పూర్తయ్యాక తులసీరాంను పిలిచి చాప మీద పటం పరిచాడు. తులసీరాం శ్రద్ధగానే విన్నాడు. వ్యాపారి గనక చుట్టుదారి వెంటనే పట్టేశాడు.

"ఈ స్విట్జర్లాండు దేనికన్నా? ట్యూరిన్ మీద నేరుగా ప్యారిస్ పోవచ్చు గదా. రాత్రికి ఎక్కి పండుకుంటే తెల్లారి దిగేది."

"ఆల్ప్స్ అప్పా అవి. మంచుకొండలు."

"మనకి కొండలు కరువా ఏంది? వాకిట్లో నిలబడితే ఏడు కనపడతాయి." చెంగల్రాయుడి ముఖం చూసి ఆయన కొంచెం తగ్గాడు. "సరేలేన్నా, ఇంత కష్టపడి రాసినావు, అట్లనే పోతా. ఆ కొండల కాడ నిద్రపోతాలే. లండన్లో తెలివిగా ఉండాల గదా."

ఎగతాళి కాదు. మంచి మనసుతోనే అన్నాడు. అందుకే చెంగల్రాయుడు కోలుకోలేకపోయాడు. తనకు దక్కనిది ఇంకొకడికి దక్కుతున్నదన్న బాధను రైలు వేళలు దిద్దుతూ ఇన్నాళ్ళూ దిగమింగాడు. ఆ ఇంకొకడు దాని ముందు కళ్ళు మూసుకుని గుర్రు పెడతాడన్నది మింగుడు పడలేదు. ఆ రాత్రినుంచి ఆయన ఊహలో గోతార్డు రైలు కొండెక్కుతూనే ఉంది. కిటికీ దగ్గర తులసీరాం నోరు తెరుచుకుని పడుకునే ఉన్నాడు.

మే నెలలో తిరుపతి గంగజాతర. జాతరకు ముందు ఒక మంగళవారం రాత్రి ఊరంతా డప్పు కొట్టి చాటింపు వేస్తారు. చాటింపు పడేవేళకు ఊళ్ళో ఉన్నవాడు, జాతర ముగిసేదాకా పొలిమేర అవతల రాత్రి పడుకోకూడదు. పడుకుంటే అమ్మవారికి కోపం. అమ్మవారి కోపం అంటే మశూచి. చెంగల్రాయుడు దీన్ని ఏనాడూ లక్ష్యపెట్టలేదు. ఒక ఏడు పంతానికి చాటింపు మర్నాడే రేణిగుంట వెళ్ళి పడుకుని వచ్చాడు కూడా. అత్తగారు సుబ్బులమ్మ ఏడాదిపాటు ఆయనతో మాట్లాడలేదు.

అయినా తులసీరాం కోసం రాసిన దారిలో, చాటింపు పడేలోగా ఆయన పొలిమేర దాటి ఉండేట్టు చూశాడు. సోమవారం కొండెక్కి దర్శనం, మంగళవారం దిగి అత్తగారింట భోజనం, సాయంత్రం బండికి రేణిగుంట చేరి అక్కడ నిద్ర, బుధవారం బొంబాయి రైలు. నగరి మనిషికి తిరుపతి చాటింపు ఏ రాత్రో తెలియదు. రాసినవాడికి తెలుసు. తులసీరాంకు అంతే చాలు.

మంగళవారం మధ్యాహ్నం అత్తగారి దగ్గర సెలవు తీసుకుని, కాళ్ళు పీకుతున్నాయంటూ తులసీరాం తోడల్లుడి ఇంటికి వచ్చాడు, బండి వేళదాకా నడుం వాల్చుదామని.

"రేణిగుంటలో దోమలప్పా," అన్నాడు చెంగల్రాయుడు. "నిద్రే పట్టదు. ఈడ్నే పండుకో. నీ రైలు రేపు గదా, పొద్దున నేనే తోడు వస్తా. మిలాన్ కాడ ఒక మార్పు గూడా ఉండాది. తీరిగ్గా చెప్పాల."

మిలాన్ దగ్గర ఏ మార్పూ లేదు.

"అట్లనే కానీ అన్నా. నువ్వు చెప్పినాక ఇంకేముండాది," అని తులసీరాం చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. రాత్రి డప్పు వీధిలోంచి పోయినప్పుడు చెంగల్రాయుడు మెలకువగానే ఉన్నాడు.

పొద్దున సుబ్బులమ్మ పెద్దకూతురి ఇంటికి వచ్చి, తిన్నె మీద పళ్ళు తోముకుంటున్న చిన్నల్లుణ్ణి చూసి అలాగే నిలబడిపోయింది.

"నాయనా, నువ్వింకా ఈడ ఉండావేమి? రాత్రి చాటింపు వేసినారు గదా."

తులసీరాం పుక్కిలించి ఊశాడు.  ఆయన మొదటి బిడ్డను అమ్మవారే తీసుకుపోయింది. ఇప్పుడు ఇంట్లో ఇద్దరున్నారు.

"పోను అత్తా," అన్నాడు. "ఓడ పోతే పోనీ."

చెంగల్రాయుడు ఆపాలని ఆపాడు గాని, ఆగితే ఏమవుతుందో పూర్తిగా ఊహించలేదు. తులసీరాంతో పాటు మిలాన్, బాసెల్, ఇన్నాళ్ళూ కూర్చి పేర్చిన నాలుగు దేశాలూ ఆ తిన్నె మీద చతికిలబడ్డాయి.

"వట్టి మూఢనమ్మకం అప్పా అది. లెయ్యి, బండికి టైముండాది. నేను పోయి రేణిగుంటలో పండుకొని రాలేదా? నాకేమయింది?"

"నీకేమవుద్ది," అన్నది సుబ్బులమ్మ. "ఆయమ్మకి గూడా నువ్వంటే విసుగు."

"పిల్లలకి టీకాలు వేయించినావు గదప్పా, ఇంకేం భయం?"

తులసీరాం ఆయన వైపు చూశాడు. కోపంగా కాదు, బట్టలో పోగు ఎక్కడ తెగిందో వెతికేవాడిలా చూశాడు.

"మిలాన్ కాడ మార్పు ఏందన్నా?"

చెంగల్రాయుడు కొక్కేనికున్న చొక్కా తెచ్చి ఆయన పక్కన పెట్టాడు.

"చెప్పు. ఇప్పుడు తీరికే గదా."

పెంచలమ్మ మొగుడి ముఖం చూసి లోపలికి వెళ్ళిపోయింది. తులసీరాం మొఖం తుడుచుకుని తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"సరే, దసరా అయినాక ఇంకో ఓడ ఉండాదంట. దానికి పోతా. ఈతూరి నువ్వు శ్రమ పడొద్దులే. మద్రాసులో ఓడ కంపెనీవాళ్ళు దావ రాసిస్తారు. ట్యూరిన్ మీద నేరుగా పోతా."

ఇందులో అమ్మవారి తప్పేమీ లేదని నా అభిప్రాయం. ఆమె పేరు చెప్పి మనుషులు ఒకరినొకరు కట్టిపడేయడం కొత్తా కాదు. నమ్మకం లేనివాడు నమ్మేవాడికంటే ఆ తాడు గట్టిగా బిగించగలడు, అంతే.

ఆ వారమంతా తులసీరాం అత్తగారింట్లోనే ఉండిపోయాడు. వేషాలు మొదలయ్యాయి. గంగజాతరలో వేషం కట్టినవాడు వీధిలో ఎవరినైనా తిట్టవచ్చు. ఎంత మాటైనా అనవచ్చు. పడ్డవాడు నొచ్చుకోకూడదు, దీవెన అనుకోవాలి. మామూలు రోజుల్లో వినకూడని మాటలు వినడానికి గౌరవనీయులు కూడా వాకిట్లోకి వచ్చి నిలబడతారు. ఏటా ఈ రోజుల్లో చెంగల్రాయుడు కిటికీలు వేసుకుని చదువుకునేవాడు.

శుక్రవారం తోటి వేషం, అంటే ఊరి చాకిరీ చేసే తోటివాడి వేషం. ఆ పొద్దున ఆయన పెరట్లో కూర్చుని ఒంటికి బొగ్గు పూసుకున్నాడు. నడుముకు వేపమండలు కట్టుకున్నాడు.  హైస్కూలు మేష్టరు నల్లటి ఒంటితో వీధిన పడితే పిల్లా పెద్దా వెంటపడ్డారు. నేరుగా సుబ్బులమ్మ ఇంటి ముందు ఆగాడు. తిన్నె మీద తులసీరాం తాంబూలం వేసుకుంటున్నాడు.

చెంగల్రాయుడు తిట్టాడు. అచ్చుకు తగినవి కొన్నే.

"నీకు ఓడ దేనికిరా నిద్రమొగమోడా! పండుకునేదానికి నగరిలో నీకు మంచం లేదా? నులక తెగిందా? కండ్లుండేవాడికి రైలియ్యడు దేవుడు, కండ్లు మూసుకునేవాడికి దేశాలిస్తాడు. లండనంట! రుమాళ్ళంట! నాకియ్యరా ఆ టిక్కెట్టు, నిద్ర లేకుండా పోతా, రెప్ప వెయ్యకుండా పోతా!"

జనం పొట్ట పట్టుకుని నవ్వారు. ఆచారం ప్రకారం తులసీరాం లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయిందా అన్నా?"

"కాలా!"

"అయితే కానీ."

"నేనే ఆపినానురా నిన్ను! చాటింపని తెలిసే ఆపినా! నువ్వు పోతావంటే నాకు కడుపు మండింది!"

ఇది కూడా తిట్టులో భాగమే అనుకుని జనం ఇంకా నవ్వారు. తులసీరాం నవ్వలేదు. వంగి, తోటి వేషగాడి కాళ్ళ దగ్గర నేలకు దణ్ణం పెట్టి, లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

ఇంటికొచ్చాక పెంచలమ్మ బావి దగ్గర నీళ్ళు తోడి పోసింది. బొగ్గు అంత సులువుగా వదల్లేదు.

"ఊరంతా ఇనింది," అన్నది.

"ఇననీ."

"ఇప్పుడన్నా తగ్గిందా?"

చెంగల్రాయుడు మొఖం రుద్దుకోవడం ఆపి, నిజంగానే కాసేపు ఆలోచించాడు.

"లేదు," అన్నాడు. "దసరాకి పోతాడు గదా."

పెంచలమ్మ ఇంకో చెంబు ఆయన నెత్తిన కుమ్మరించింది.