అవతలి వైపు లోపం

మోంటెవీడియోలోని మా ఆఫీసుకు వాషింగ్టన్ ఎచెవెర్రీ గారు చంకలో వేడినీళ్ల ఫ్లాస్కు, చేతిలో మాతే ఆకు కషాయం పోసిన సొరబుర్రతో వేంచేస్తారు. ఇక్కడ ఆ బుర్ర నలుగురి చేతులూ మారుతుంది. ఈయన మాత్రం ఒక్కరే జుర్రుకుంటారు. క్లౌడులో వేర్వేరు నెట్‌వర్కుల్లో ఉన్న మిషన్లను కలపడం ఆయన ఉద్యోగం. వెనక్కి తిరిగితే భుజం తగిలేంత దగ్గర కూర్చునే నెలిదాకు కూడా మెయిలే పంపుతారు.

ఆ వారం ల్యాబు నెట్‌వర్కును ఆసుపత్రి నెట్‌వర్కుతో కలపాలి. రెండు వైపులా అనుమతిస్తేనే అవి కలుస్తాయి. ల్యాబు వైపు ఈయనది, ఆసుపత్రి వైపు నెలిదాది. "నా వైపు అంతా బాగానే ఉంది, లోపం అవతలే" అని మూడు రోజుల్లో పదకొండు మెయిళ్లు కొట్టారు. గురువారం ఆసుపత్రి డాక్టరు ఫోన్ చేసి, "రక్త పరీక్షల ఫలితాలు రాకుండా ఆపరేషన్ ఎలా చెయ్యమంటారయ్యా?" అని అరిచాడు. నెలిదా లేచొచ్చి ఆయన తెర మీద వేలు పెట్టింది. "మహానుభావా, నేను సోమవారమే తలుపు తీసి కూర్చున్నా. మీ వైపు గొళ్లెం మీరే తియ్యలేదు! కళ్లు తెరిచి చూడండి."

ఎచెవెర్రీ గారు తన వైపు అనుమతి బటన్ ఒక్క నొక్కు నొక్కారు. ఫలితాలన్నీ బిలబిలమంటూ వెళ్లిపోయాయి. ఆయన తీరిగ్గా ఒక గుక్క పీల్చి, ఆఫీసంతటికీ మెయిలు పెట్టారు: "అవతలి వైపు లోపాన్ని దగ్గరుండి సరిచేయించాను." అది ఆయన వీపు వెనకే, నెలిదా బల్ల మీద టింగుమంది.