గుండ్ల మేస్త్రి

మా పెదనాన్నకి మంచిపేరు తెచ్చింది నీళ్ల పంపు. చెడగొట్టింది ఫిరంగి గుండు. ఆయన మాత్రం ఇప్పటికీ ఈ సంగతి తిరగేసి చెప్పుకుంటాడు.

నది ఒడ్డున పంపుల ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పనిచేసేవాడు. ఆయన చేతి పంపంటే ఊళ్లో అందరికీ నమ్మకం. వంతెన దాటితే వేరే దేశం. ఆయన ఒక్కగానొక్క కూతురు, అంటే మా అక్క, పెళ్లయి అక్కడికే వెళ్లింది. ఆదివారం బస్సెక్కి వచ్చి, భోంచేసి, సాయంత్రానికి వెళ్లిపోయేది. రెండు దేశాలకీ పడదని పేపర్లు రాసేవి గానీ, ఆ సంగతి బస్సు కండక్టరుకి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఒకరోజు మంత్రిగారు దిగారు. అవతలివాళ్లు ఫిరంగులు పెంచేస్తున్నారనీ, మనం గాజులు తొడుక్కు కూర్చోలేమనీ గొంతు చించుకున్నారు. నెల తిరక్కుండా పంపుల షెడ్డులో గుండ్లు తయారవడం మొదలైంది. పెదనాన్నని మేస్త్రిని చేశారు. ఆయనకో ఖాకీ కోటు, కోటుకో బిళ్ల, బిళ్లకి తగ్గ మీసం వచ్చాయి. వీధిలో ఎవరైనా "గుండ్ల మేస్త్రిగారూ" అంటే, వినపడనట్టు నటించి రెండోసారి పిలిపించుకునేవాడు.

పెద్దమ్మకి ఇదేం నచ్చలేదు.

"అవతల మన పిల్ల ఉందయ్యా. ఈ గుండ్లు ఎవరి నెత్తిన పడతాయి?"

"పిచ్చిదానా, వెయ్యడానికా చేసేది? భయపెట్టడానికి! మన దగ్గర ఎన్ని ఎక్కువుంటే యుద్ధం అంత దూరం."

ఈ ముక్క ఆయన సొంతం కాదు. మంత్రి దగ్గర మేనేజరు, మేనేజరు దగ్గర ఈయన నేర్చుకున్నదే. చిలక్కైనా పలికినందుకు జామపండు పెడతారు. ఈయన బిళ్లతో సరిపెట్టుకున్నాడు.

అవతలి ఒడ్డున మా బావ పనిచేసే సబ్బుల ఫ్యాక్టరీని మందుగుండు ఫ్యాక్టరీ చేశారు. బావని సూపర్‌వైజరు చేశారు. ఆదివారం అక్క వచ్చినప్పుడు పెదనాన్న తన ముక్క మళ్లీ చెబితే నవ్వింది.

"మీ అల్లుడూ అచ్చం ఇదే అంటాడు నాన్నా. ఇలా వేలు ఊపుతూనే."

"వాళ్ల మాట నమ్మకు. వాళ్లు చేసేది మన మీద పడ్డానికి."

"మీ గురించి ఆయనా అదే అంటాడు."

పెదనాన్న కంచం ముందు నుంచి లేచిపోయాడు.

మనం రెండో షెడ్డు కడితే వాళ్లు మూడోది కట్టారు. వాళ్లు మూడోది కట్టారని మనం బడి ఆటస్థలం తీసుకుని గుండ్ల పెట్టెలు పేర్చాం. ఈలోగా మా వీధి పంపు పాడైతే, పంపుల ఊళ్లో దానికి విడిభాగం దొరకలేదు. ఆడవాళ్లు బిందెలతో నదికి వెళ్లారు. పెద్దమనుషులెవరికీ సిగ్గెయ్యలేదు.

ఒక పొద్దున పొగమంచులో అవతలివాళ్ల గస్తీ పడవ దారితప్పి మన వైపు ఇసుకలో కూరుకుపోయింది. నలుగురు కలిసి తోస్తే కదిలే పడవ. కానీ రేడియో దాన్ని దురాక్రమణ అంది. ముందుజాగ్రత్తకని మనం సైన్యాన్ని కదిలించాం. మనం కదిలామని వాళ్లు కదిలారు. ముందు కొట్టకపోతే వెనకబడిపోతామని రెండు వైపులా మంత్రులకి ఒకేసారి భయం పట్టుకుంది. అంత సరుకు పోగేసుకున్నాక ఇంక సాకు ఎంతలో దొరుకుతుంది! వంతెన మూసేశారు. ఫిరంగులు మొదలయ్యాయి.

అప్పుడు మా పెదనాన్న కోటు వేసుకుని, బిళ్ల తుడుచుకుని, కరకట్ట మీదున్న ఫిరంగుల దగ్గరికి వెళ్లాడు.

"బాబూ, గడియారస్తంభం వెనక వీధి ఒక్కటీ వదిలెయ్యండి. మా అమ్మాయి ఇల్లుంది."

టీ తాగుతున్న ఆఫీసరు గ్లాసు కింద పెట్టాడు. "మేస్త్రిగారూ, అది గుండండీ. వీధి పేరు చదువుకుని పడదు. చేసినవారు, మీకు తెలీదా?"

సిపాయిలు పకపకా నవ్వారు. మిగతా వీధుల్లో ఎవరి కూతుళ్లూ లేరనుకున్నాడు కాబోలు, మా పెదనాన్న వాటి ఊసెత్తలేదు. తలొంచుకుని వచ్చి మళ్లీ షిఫ్టుకెళ్లాడు.

రెండు వైపులా సరుకు అయిపోయాక సంధి కుదిరింది. సరిహద్దు ఎక్కడుందో అక్కడే, నది మధ్యలోనే ఉంది. రెండు ఊళ్లలోనూ గెలిచామని బ్యాండు మేళాలతో ఊరేగారు.

వంతెన బాగుచేశాక పెదనాన్న, పెద్దమ్మ వెళ్లారు. తోడుగా నేనూ వెళ్లాను. అక్క బతికే ఉంది. వంటింటి గోడ లేదు. ఆ వంటింట్లోనే వాళ్ల అత్తగారు పోయింది. బావకి ఒక కాలు తీసేశారు. అక్క అందరికీ టీ తెచ్చింది. మామా అల్లుళ్లకి తెలిసింది ఒకటే విషయం కాబట్టి, చివరికి అదే బయటికొచ్చింది.

"మీ గుండ్లు సగం పేలలేదు మామయ్యగారూ," అన్నాడు బావ.

పెదనాన్నకి పౌరుషం పొడుచుకొచ్చింది. "అవి రెండో షెడ్డువి అయ్యుంటాయి. నా చేతి మీద వెళ్లింది ఒక్కటీ పేలకుండా ఉండదు."

అక్క ట్రే కింద పెట్టింది.

"మా అత్త మీద పడ్డది పేలింది నాన్నా. అయితే అది మీదే. ఊళ్లో చెప్పుకోండి."

పెదనాన్న చేతిలో గ్లాసు ఒరిగి టీ అంతా మోకాలి మీద ఒలికింది. ఎవరూ గుడ్డ ఇవ్వలేదు.

పెద్దమ్మ అక్కడే ఉండిపోయింది. వెనక్కి వచ్చేటప్పుడు బస్సులో ఆయన వెక్కివెక్కి ఏడ్చాడు. నాకు జాలేసింది, అబద్ధమెందుకు. వండిపెట్టేవాళ్లు లేక మా ఇంట్లోనే ఉండి, కొన్నాళ్లు గడప దాటలేదు. ఆ తర్వాత కొత్త మంత్రి వచ్చాడు. ఇంకా దూరం పోయే గుండు కావాలన్నాడు. ఫ్యాక్టరీ నుంచి మా ఇంటికి కబురొచ్చింది.

"వెళ్తారా బావగారూ?" అంది మా అమ్మ, నమ్మలేక.

"అనుభవం ఉన్నవాళ్లు కావాలట," అన్నాడు పెదనాన్న, అద్దం ముందు మీసం దువ్వుకుంటూ.

అమ్మ ఆయనకి వడ్డించడం మానేసింది. ఇప్పుడు ఫ్యాక్టరీ క్యాంటీన్లో తింటున్నాడు.