గట్టు మీద షుగర్ చెప్పులు

చేతిగుడ్డలో చుట్టిన ప్లాస్టిక్ డబ్బాను అక్క డాక్టరమ్మ బల్ల మీద పెట్టింది. తలుపు తీసే ఉంది, బయట బెంచీల నిండా జనం.

"మోషన్ తెచ్చానండి. మూడోసారి కూడా అడిగించుకుంటే బాగోదని తెచ్చేశాను," అంది, గొంతు ఏమాత్రం తగ్గించకుండా.

డాక్టరమ్మకు అక్క కూతురంత వయసుంటుంది. నవ్వాపుకుని, "బల్ల మీద కాదమ్మా, ల్యాబులో ఇవ్వాలి," అంది. పక్కనున్న నేను తల దించుకున్నాను. ఆ రోజు సిగ్గుపడవలసింది అక్క గురించి కాదని తర్వాత తెలిసింది.

అక్క కడియంలో ఒక నర్సరీలో మామిడి అంట్లు కడుతుంది. ముప్పై ఏళ్లుగా అదే పని. లారీకెక్కిన మొక్కల్లో తాను కట్టినదేదో కట్టు చూసి చెప్పేస్తుంది. షుగర్ వచ్చి పదేళ్లు దాటింది. అప్పటి నుంచి ఆమెకు ఏం వచ్చినా ఇంట్లో మేమంతా షుగరేనని తేల్చేసేవాళ్లం. కిందటేడు నాలుగడుగులు వేస్తే ఆయాసం, అంటు కడుతుంటే చేతిలో చాకు వణుకు. అదీ షుగరే అన్నాం. నర్సరీ యజమాని మంచి మనసుతోనే, "ఇక ఇంటిపట్టున ఉండండి అక్కగారూ," అన్నాడు. ఆ మాటకి రెండు రోజులు అక్క అన్నం కెలికి వదిలేసింది. చాకు చేత్తో పట్టలేని రోజు వచ్చేసిందేమోనన్నదే ఆమె భయం.

పరీక్షలో రక్తం బాగా తగ్గిందని తేలింది. డాక్టరమ్మ మోషన్ టెస్ట్ కూడా రాస్తే అక్క రెండుసార్లు ఆ చీటీ మడిచి సంచిలో దాచేసింది. నేనూ గట్టిగా చెప్పలేదు. పత్రికలో పనిచేసినన్నాళ్లూ బళ్లలో పంచే నులిపురుగుల మాత్రల వార్త ఏటా రాసినవాణ్ణి. అది చిన్నపిల్లల సంగతనే అనుకున్నాను.

అక్క కడుపులో ఉన్నవి కొంకి పురుగులు, నులిపురుగుల్లోనే ఒక రకం. రిపోర్టు చూశాక డాక్టరమ్మ అడిగింది మాత్రం కాళ్ల గురించి.

"చెప్పులు వేసుకోరా అమ్మా?"

"ఎందుకేసుకోనండి? మా తమ్ముడు మెత్తటి షుగర్ చెప్పులు కొనిచ్చాడు. మడిలోకి దిగేటప్పుడు గట్టు మీద విడుస్తాను. బురదలో పాడైపోవాండీ?"

నర్సరీలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. వెళ్లేది మడుల వెనక తోపులోకే. అక్కడ మలంతో పడిన గుడ్లు పగిలి తడిమట్టిలో పెరిగిన పురుగు పిల్లలు, వాన నీటితో మడుల్లోకి వచ్చి, అరికాలి చర్మంలోంచి దూరి, పేగుల్లో చేరి రక్తం పీలుస్తాయట. తోటి ఆడవాళ్లకు అప్పుడప్పుడు కాళ్లు దురద పెట్టేవి. షుగర్ వల్ల స్పర్శ తగ్గిన అక్కకు ఆ దురద కూడా తెలియలేదు.

మాత్రలు మింగి ఊరుకుంటుందనుకున్నాను. మర్నాడే మట్టి కలిపేచోట అందరి ముందూ చెప్పేసింది.

"ఏంటొదినా, కడుపులో కూడా నర్సరీ పెట్టేశావా?" అని ఒకావిడ అంటే అందరూ విరగబడి నవ్వారు.

"నాదైతే లెక్క తేలిందమ్మా. నీ కడుపులో ఎన్నెకరాలుందో చూపించుకో ముందు," అంది అక్క.

ఆ వారంలోనే ఏడుగురు డబ్బాలతో బయల్దేరారు. ముందు అక్క, ఆటోలో డ్రైవరు పక్కన. నలుగురికి పురుగులున్నట్టు తేలింది. అందులో ఇద్దరికి షుగర్ ఉంది. ఎన్నో ఆరోగ్య శిబిరాల గురించి రాశాను గానీ, సిగ్గును ఇంత తేలిగ్గా పక్కన పెట్టించినవాళ్లను చూడలేదు. ఆవిడ మా అక్క అని చెప్పుకోవడానికి నాకిప్పుడు సందర్భం అక్కర్లేదు.

మూడు నెలల ఐరన్ మాత్రలతో చేతి వణుకు పోయింది. ఈ వర్షాకాలం ఆమె కట్టిన అంట్లు చిగుళ్లు వేశాయి. ఇప్పుడు షుగర్ చెప్పులు ఇంట్లో పెట్టి, మడిలోకి రబ్బరు బూట్లతో దిగుతోంది. వాటిలో చెమటకి పాదాలు పుండుపడతాయేమోనని రోజూ సాయంత్రం నాకు చూపిస్తుంది. తనకు నొప్పి తెలియదు కదా.

మరుగుదొడ్డి కట్టిస్తానని యజమాని ఒప్పుకున్నాడు. ఇటుకలు దించి ఐదు నెలలైంది. వాటి మీద ఇప్పుడు క్రోటన్ మొక్కల కవర్లు పేర్చి ఉన్నాయి. ఆడవాళ్లింకా తోపులోకే వెళ్తున్నారు, అదే మట్టిలో ఉత్త చేతులతో పని చేస్తున్నారు. మొన్నటి పరీక్షలో అక్కకు మళ్లీ పురుగు గుడ్లు కనిపించాయి.