లారీ ఎందుకు మర్లింది?

ఏలియా మామకు ఒకటే పిచ్చి. తాను రాస్తున్న యుద్ధం నవలలో కథ చెప్పే మనిషిని చొక్కా మార్చినంత సులువుగా మార్చేస్తాడు. మామ పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాడు. చేత్తో పట్టింది ముద్రే తప్ప తుపాకి కాదు. కొత్తవాడలో నాది డీటీపీ షాపు. ఆయన చెప్పాలి, నేను టైపు కొట్టాలి.

కథ చిన్నదే. కొండల్లో యుద్ధం. పైనున్న జవాన్లకు సామాను మోసుకుపోతున్న లారీ ఒకటి సగం దారిలో వెనక్కి తిరుగుతుంది. అంతే. ఆ సంగతి ఎవరు చెప్పాలన్నదే పేచీ.

మొదట కెప్టెన్ చెప్పాడు. సామాను కోసం పైన ఎదురుచూస్తున్న ఆయనకు డ్రైవర్ ఉత్త పిరికివాడు.

"భానూ, కెప్టెన్ వద్దురా. శానా కోపంల ఉన్నడు. అవతలి సిపాయి చెప్తడు రాయి."

అవతలి సిపాయి దుర్భిణిలోంచి చూసి, "పారిపోతున్నాడు!" అని పకపకా నవ్వాడు. మామ మొహం మాడ్చుకుని కథను కొండమీదికి సామాను మోసే కంచరగాడిదకు అప్పగించాడు.

మళ్లీ మొదటినుంచీ కొట్టే ఓపిక లేక, కెప్టెన్ అన్న మాట ఉన్నచోటల్లా కంచరగాడిద అని కంప్యూటర్‌తో ఒక్క దెబ్బకు మార్పించాను. తీరా చూస్తే, 'కంచరగాడిద మీసం మెలేసి, మ్యాపు పరిచి, జవాన్లకు హుకుం ఇచ్చాడు.'

టిఫిన్ తెచ్చిన మార్తమ్మత్త ఆ పేజీ చదివి, కుర్చీలో కూలబడి నవ్వింది. "పెండ్లయిన కాడికెల్లి నా మాట ఇననోడు, గాడిద మాట ఇంటాండు చూడు బిడ్డా!"

"గాడిద అబద్ధమాడదే," అన్నాడు మామ. "గని లారీ ఎందుకు మర్లిందో దానికి సమజ్ గాదు. గదే పరేషాన్."

"ఎవరో ఒకర్ని ఖాయం చెయ్యి మామా!"

"జర ఆగు. సరైనోడు ఇంక దొరకలే."

ఒకరోజు నేను షటర్ ఎత్తేసరికి మామ గుమ్మంలో ఉన్నాడు. "దొరికిండ్రా! లారీ ఎనక పండుకున్నోడు చెప్తడు!"

దారిలో డ్రైవర్ ఎక్కించుకున్న జవాను వాడు. దెబ్బ తగిలిన కుర్రాడు. మామ గడగడా చెప్పాడు, నేను కొట్టాను: 'పడుకున్న నాకు డ్రైవర్ మెడ తప్ప ఏమీ కనిపించలేదు. ఆ మెడ ఒకసారి కొండవైపు తిరిగింది. తర్వాత నావైపు తిరిగింది. ఆ తర్వాత లారీ తిరిగింది.'

ప్రింటు వచ్చేలోపే మామ బయటికి ఉరికి, మొగిలయ్య కాకను చెయ్యిపట్టి లాక్కొచ్చాడు. కాక మామకు చిన్ననాటి దోస్తు, మిలిటరీలో లారీ నడిపినవాడు. ఎవరైనా యుద్ధం ముచ్చట అడిగితే, "నేనేం జేసిన? నడుమల్నే మర్లొచ్చిన," అని లేచి వెళ్లిపోతాడు. మామ గాడిదనైనా వదలకుండా బతిమాలింది ఎవరికోసమో నాకప్పుడు తెలిసింది.

మామ పేజీ చదివాడు. కాక స్టూలును మామ దగ్గరికి జరుపుకున్నాడు.

"దవాఖానల దించిన. మల్ల ఆ పోరని ఖబర్ తెల్వలే, ఏలియా. నీ కథల... బతికిండా?"

"బతకకపోతే గీ కథ ఎవడు చెప్తాండు?"

కాక మామను చూశాడు, కాగితాన్ని చూశాడు. మీసాల కింద మెల్లగా నవ్వు మొదలైంది.

"అయితే వానికి పెండ్లి జెయ్యి."

"యుద్ధం నవలల పెండ్లేందిరా!"

"బతికినోనికి పెండ్లి గాదా? పిల్ల పరకాలది గావాలె. మటన్ పెట్టాలె."

"కొట్టు భానూ!" అన్నాడు మామ.

కొట్టాను. మధ్యాహ్నం దాకా ఇద్దరికీ ఒకటే కొట్లాట, ఆ పెళ్లిలో డ్రైవర్‌ను ఎక్కడ కూర్చోబెట్టాలని. వంటల దగ్గర చాలన్నాడు కాక. పెళ్లికొడుకు పక్కనే అన్నాడు మామ.

నేను మామ చెప్పినట్టే కొట్టాను.