సూర్యంగారి క్రావడి

రాజమండ్రిలో నాకు చిన్న స్క్రీన్ ప్రింటింగ్ షాపుంది. ఇంక్‌జెట్ ప్రింటర్ కొనేదాకా మా శుభలేఖలన్నిటికీ ఫిల్మ్ మీద అక్షరాలు చేత్తో రాసింది సూర్యంగారే. ప్రింటర్ వచ్చిన వారానికి, ఎవరూ ఏమీ అనకుండానే, ఆయన రావడం మానేశారు.

ఈ రోజు పొద్దున వచ్చారు. కూతురి పెళ్ళిట, శుభలేఖలు వేయించాలిట.

"మీరే రాయండి మాస్టారూ, మిగతాది నేను చూసుకుంటాను" అన్నాను ఆశగా.

"వద్దు బాబూ, కంప్యూటర్‌లోనే తియ్యి. మగపెళ్ళివారు చూసేది కదా, నీట్‌గా ఉండాలి" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది, ఆయన మీద కాదు, ప్రింటర్ మీద. కొన్నది నేనే అనుకోండి.

ప్రింటర్‌లో ఫిల్మ్ తీసి ట్యూబ్‌లైటుకి పట్టి చూస్తే ఎప్పట్లాగే నలుపు పలచగా ఉంది. అలా వదిలేస్తే వెలుతురు దూరి స్క్రీన్ మీద అక్షరాలు సరిగ్గా పడవు. ఆయన నా బల్ల మీది బ్రష్ తీసుకుని నల్ల ఇంకుతో దిద్దడం మొదలుపెట్టారు. "శ్రీరస్తు" దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగలేదు. శ్రీ కింద క్రావడిని పాతరోజుల్లోలా నెలవంకలా లాగి వదిలారు.

సాయంత్రం మొదటి కార్డు ఆరాక చేతిలోకి తీసుకుని మురిసిపోయారు.

"చూశావా, మిషన్‌లో ఎంత బాగా వచ్చిందో!"

అవునండీ అన్నాను. ఇంకేమంటాను?

మీ ఇళ్ళలో మా ఊళ్ళో వేయించిన పాత శుభలేఖలుంటే శ్రీ కింద ఒకసారి చూడండి. నెలవంక కనిపిస్తే చెప్పండి, వచ్చి చూసి వెళ్తాను.