ముసలివాళ్ళు కూర్చునేదెక్కడ?

ఆయనకున్న పిచ్చి ఒక్కటే. ఎక్కడికెళ్ళినా, ఎవరేం చూపించినా, "బాగుంది. మరి ముసలివాళ్ళు కూర్చునేదెక్కడ?" అని అడగడం. బావమరిది ముచ్చటపడి కట్టుకున్న మేడ చూడమని పిలిస్తే, మెట్లన్నీ ఎక్కి, ఆయాసపడుతూ అదే మాటన్నాడు. బావమరిది మళ్ళీ పిలిస్తే ఒట్టు.

ఆ పిచ్చికి జీతం కూడా ఇస్తున్నారే అని ఆయన భార్య బాధ. ఊళ్ళో ఎవరు ఏ రోడ్డు వేస్తామన్నా, ఏ భవనం లేపుతామన్నా, దానివల్ల జనం ఆరోగ్యం ఏమవుతుంది, గాలీ నీళ్ళూ నీడా ఎన్నాళ్ళు మిగులుతాయి అని చూసి పురపాలక సంఘానికి నివేదిక రాయడం ఆయన ఉద్యోగం. సంఘంవారు ప్రతి నివేదిక చివరా "గమనించడమైనది" అని రాసి, వచ్చిన ప్రతిపాదనను వచ్చినట్టే ఒప్పేసుకునేవారు. ఆ మాట ఇంట్లోకీ పాకింది.

"ఇంకో కప్పు కాఫీ ఇస్తావా?"

"గమనించడమైనది," అనేది ఆవిడ. కాఫీ వచ్చేది కాదు.

ఆసుపత్రి ముందు రోడ్డు వెడల్పు చేస్తామన్నప్పుడు మాత్రం ఆయన తిండి మానేసి రాశాడు. చెట్లు పోతాయి, రోగులు బస్సు కోసం ఎండలో నిలబడి పడిపోతారు, కనీసం కాస్త నీడా ఒక బల్లా ఉంచండి అని బతిమాలాడు. గమనించారు. చెట్లు కొట్టేశారు.

ఆ సాయంత్రం చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో కూలబడ్డాడు. "ఇన్నేళ్ళు రాశానే. నావల్ల ఒక్క కొమ్మ మిగల్లేదు. ఎవరికోసం రాస్తున్నట్టు?"

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళింది. అడక్కుండానే కాఫీ ఇచ్చింది.

మర్నాటినుంచీ ఇంట్లో కుర్చీలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. మూడోది పేము కుర్చీ.

"కాలు విరిగింది. పారేశా."

"మొన్న మడత కుర్చీకీ కాలే విరిగింది. అంతకుముందు దానికీ కాలే. మనింట్లో కుర్చీలకి ఏం రోగమండీ?"

ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత గొడుగు పోయింది. ఆవిడ సొంత తమ్ముణ్ణే అనుమానించి అతనితో మాట్లాడ్డం మానేసింది. చివరికి ఇంట్లో పొడుగు చెక్కబల్ల ఒక్కటే మిగిలింది. చుట్టాలొస్తే దానిమీదే వరసగా సర్దుకునేవారు.

ఎండాకాలంలో మోకాళ్ళ నొప్పులకి ఆవిడ ఆ ఆసుపత్రికే వెళ్ళింది. బయటికొచ్చి నిలబడితే రోడ్డు సెగలు కక్కుతోంది. కళ్ళు తిరిగాయి. ఎవరో ముసలావిడ లేచి, చెయ్యి పట్టుకుని తన కుర్చీలో కూర్చోబెట్టింది. తేరుకుని చూసుకుంటే కుర్చీ చేతికి నీలం నైలాను తాడు. ఆ ముళ్ళు తను వేసినవే. కుర్చీ గొలుసుతో దీపస్తంభానికి కట్టేసి ఉంది. పైన స్తంభానికి బిగించిన గొడుగూ తనదే.

"ఎవరు పెట్టారమ్మా ఇది?"

"ఎవరో పిచ్చాయన. బడి గేటు దగ్గరొకటి, అవతల బస్టాపులో ఒకటి కూడా పెట్టాడు. ఇంట్లో పెళ్ళాం ఎలా ఊరుకుంటోందో!"

"ఊరుకోవట్లేదు లెండి," అంది ఆవిడ. ఏడుపొస్తుందనుకుంటే నవ్వొచ్చింది.

ఇంటికొచ్చేసరికి ఆయన మొహం వేలాడేసుకుని ఉన్నాడు. "మార్కెట్టులో అరుగులు తీసేసి కొత్త కొట్లు కట్టడానికి కూడా ఒప్పేసుకున్నారు."

"అలాగా. ముసలివాళ్ళు కూర్చునేదెక్కడట?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. తర్వాత ఆయన చూపు మెల్లగా చెక్కబల్ల మీదికి పోయింది.

"దాన్ని ఒక్కరే మొయ్యలేరు. నేనూ వస్తా," అంది ఆవిడ. "ముందు మా తమ్ముడికి ఫోన్ చేసి, గొడుగు ఎవరు తీశారో చెప్పండి."

మర్నాడు పొద్దున్నే బల్లకి ఒక కొస ఆయన, రెండో కొస ఆవిడ పట్టుకుని బయల్దేరారు. సగం దూరం వెళ్ళేసరికి ఆవిడ మోకాళ్ళు మొరాయించాయి. అటూ ఇటూ చూశారు. ఆ రోడ్డు పొడుగునా కూర్చోడానికి ఎక్కడా చోటు లేదు. బల్ల అక్కడే దింపి, ఇద్దరూ దానిమీదే కూలబడ్డారు.

"కాస్త జరుగుతారా అమ్మా?" అంటూ ఎవరో పెద్దాయన సంచితో సహా వచ్చి పక్కన కూర్చుని, హమ్మయ్య అనుకున్నాడు.

బల్ల మార్కెట్టుదాకా వెళ్ళలేదు.